డొక్కల మీద నేల

నా కుట్టుమిషను తొక్కుడికి వసారా నేల కుంగిపోయిందని మా బావగారు అన్నారు. అన్నది ఒక్కసారే. ఆ మాట మాత్రం మా ఇంట్లో గోడకు కొట్టిన మేకులా ఉండిపోయింది. అవసరం వచ్చినప్పుడల్లా మా అత్తగారు దానికి ఏదో ఒకటి తగిలించారు, తోటికోడలు తగిలించింది, పండక్కో పబ్బానికో వచ్చిపోయే ఆడపడుచు కూడా తగిలించింది. మా ఆయన ఏమీ తగిలించలేదు. ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం ఎంత పెద్ద తప్పో నాకు అప్పట్లో తెలియదు.

మాది ఐనవిల్లి దగ్గర, పంట కాలువ పక్క వీధి. ఒకే ఇల్లు, రెండు వాటాలు. కుడివైపు బావగారిది, ఎడమవైపు మాది. ముందు వసారా ఇద్దరికీ కలిపి ఒకటే. ఆ వసారాలో మా వైపు చివర నా మిషను ఉండేది. వీధిలో నడిచే ఏ ఆడమనిషికైనా నేను కనిపించేదాన్ని. కనిపిస్తేనే ఆగుతారు. ఆగితేనే "ఈ చేతులు కొంచెం వదులు చేసిపెడతావా" అని అడుగుతారు. దర్జీ పని సగం కత్తెరతో నడిస్తే, సగం కూర్చున్న చోటుతో నడుస్తుంది. ఇది తెలియనివాళ్లు "మిషను ఎక్కడుంటే ఏమిటి" అంటారు. మా ఇంట్లో అందరూ అదే అన్నారు.

మా బావగారు కువైట్‌లో టైల్స్ మేస్త్రీ. పని గొప్పగా చేస్తారు. ఆ మాట నేనే అంటాను, ఎందుకంటే అబద్ధమాడి కోపం తీర్చుకునే అలవాటు నాకు లేదు. ఒక ఏడాది వర్షాలు వెనకబట్టాక వసారా నేల మధ్యలో పళ్లెంలా గుంటపడింది. మిషను ఒక కాలు గాల్లోకి లేచింది. దాని కింద అట్టముక్క మడిచి పెట్టుకుని కుట్టాను. అప్పుడే బావగారు సెలవు మీద వచ్చారు. కాలి మడమతో నేలను రెండుసార్లు తట్టి, అందరూ వింటుండగా నాతో అన్నారు:

"ఏమ్మా, పొద్దస్తమానూ అలా దడదడా తొక్కుతుంటే సిమెంటు నేలైనా ఎంతకని ఓర్చుకుంటాదమ్మా?"

అందరూ నవ్వారు. మా అత్తగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఆ సాయంత్రమే మిషను దొడ్డివైపు చూరు కిందకు చేరింది. మోసింది నేనూ, మా ఆయనా. ఆ తర్వాత బావగారు గుంట మీద సిమెంటు పూత పూసి, అక్కడ తన మోటారు సైకిలు పెట్టించి, దుప్పటి కప్పించి కువైట్ వెళ్లిపోయారు. అది కదలకుండా అక్కడే ఉంది. నేల ఆ బండి బరువుకు దిగదట గానీ, నా మిషను బరువుకు దిగిందట. ఈ లెక్క ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు.

దొడ్డివైపు చూరంటే ఒక పక్క వంటింటి పొగ, ఇంకో పక్క వాన జల్లు. ముసురు పట్టిందంటే గుడ్డ ఆరదు. ఒక పెళ్లికూతురి పట్టు జాకెట్టు, అంచుకు చేత్తో పూసలు కుట్టింది, మడతలో బూజు మచ్చ వచ్చింది. వాళ్లమ్మ దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "కుట్టమని ఇస్తే బూజు పట్టించేవేంటమ్మా? ఇదివరకు ముందు కూర్చునేదానివి కదా, దొడ్లోకి ఎందుకు పోయేవు?" అంది. వంటింట్లో అత్తగారు వింటున్నారు. నేను జాకెట్టు మడిచి ఆ తల్లి చేతికిచ్చాను. ఆవిడ మళ్లీ రాలేదు. ఆవిడతోపాటు ఆ వీధి వీధంతా సెంటర్లో కొత్తగా పెట్టిన కుట్టు షాపుకు మళ్లింది. ఆ జాకెట్టు రంగు నాకు ఇంకా గుర్తుంది. చిలకపచ్చ.

ఇలా ఉండగా బావగారు ఫోనులో ఒక గ్రూపు పెట్టారు. పేరు "మా చేతిపని". కువైట్‌లో శుక్రవారం సెలవు గనుక మా అందరికీ శుక్రవారమే పండగైంది. ఆ రోజు ఇంటిల్లిపాదీ వారమంతా చేసిన పని ఫోటో తీసి అందులో పెట్టాలి. మొదటి శుక్రవారం ఆయన గొంతు వినిపించింది: "అందరూ పెట్టాలమ్మా. సిగ్గుపడకూడదు. చేసుకునే పని చెప్పుకోడానికి సిగ్గేంటి?" ఆ మాట నాకు నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. అందుకే మండుతుంది.

బావగారు తను వేసిన స్నానాల గదులు, మెట్లు, గచ్చులు పెట్టేవారు. తోటికోడలు మిద్దె మీద పెంచిన బీరపాదు పెట్టేది. జొన్నాడలో హైవే పక్కన టిఫిన్ హోటలు నడిపే ఆడపడుచు పెనం మీద పెసరట్టు పెట్టేది. మా ఆయనది కొబ్బరి కొట్టులో పని. నేలలో పాతిన ఇనప గునపం మీద కాయను గుచ్చి డొక్క, అంటే పైనుండే పీచు, ఒలుస్తారు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి పక్కన డొక్కలు కొండలా పడతాయి. ఆయన ఆ కొండను ఫోటో తీసి పెడితే బావగారు, "డొక్కలు వృథా చెయ్యకురా తమ్ముడూ, ఎందుకైనా పనికొస్తాయి" అన్నారు. ఆడపడుచు నవ్వుబొమ్మలు పెట్టింది. అందులో నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

నేను జాకెట్టు మెడకు పైపింగ్ వేసి పెట్టేదాన్ని. ఒక గుండ్రటి మెడకు అది ఎక్కడా ముడతపడకుండా తిప్పాలంటే అరపూట పడుతుంది. "బాగుందమ్మా" అని ఒక్క మాట వచ్చేది, అదీ ఎప్పుడో. పెసరట్టుకు మాత్రం వరసగా చప్పట్లు.

మా పనులకు దక్కిన మెప్పు ఎలా ఉన్నా, బావగారు పెట్టే వీడియోలు నేను ఒక్కటీ వదల్లేదు. ఒక్కొక్కటి మూడేసి సార్లు చూశాను. ఇసుక పరచి, నీళ్లు కట్టి, దానంతట అది దిగేదాకా ఆగాలని ఆయనే చెప్పారు. "తొందరపడితే కింద ఖాళీ ఉండిపోద్ది. టైలు తట్టి చూస్తే డొల్లగా మోగుద్ది" అని తాపీ పిడితో కొట్టి వినిపించారు. నాకు అక్షరం అక్షరం వచ్చేసింది.

ఒక శుక్రవారం నేను అందులో మర్యాదగానే రాశాను: "బావగారూ, వసారా నేల మళ్లీ కుంగింది. నా ఖర్చుతో నేనే బాగుచేయించుకుంటాను. మిషను ముందుకు తెచ్చుకోవాలి." జవాబు వెంటనే వచ్చింది, గొంతుతో. "ఏం అక్కర్లేదమ్మా. నేనొచ్చేక పైన ఇంకో పూత పూస్తాను. మిషను మాత్రం మళ్లీ అక్కడ పెట్టకండి. అక్కడ నేను కుర్చీలేసి కూర్చునేలా చేయిద్దామనుకుంటన్నాను." దాని కింద ఆడపడుచు: "వదినా, ఈసారి పాతాళం దాకా తొక్కేద్దామనా?"

సంకష్టహర చవితికి అత్తగారూ, తోటికోడలూ గుడికి వెళ్లిన పొద్దున మోటారు సైకిలును పక్కకు నెట్టి గునపం పట్టుకున్నాను.

పై పెచ్చు తేలిగ్గానే లేచింది. దాని కింద జానెడు మట్టి. మట్టి కింద గునపం దిగిన తీరుకు నేనే ముందుకు తూలాను. అడ్డం ఏమీ లేదు. చెయ్యి పెట్టి తీస్తే నల్లగా, మెత్తగా, పీచు పీచుగా ఊడివచ్చింది. కుళ్లిన వాసన. ఇంకో చోట తవ్వాను. అక్కడా అదే. మధ్యలోనైతే చెయ్యి మోచేతి దాకా పోయే ఖాళీ. కొబ్బరి డొక్కలు! వసారా అంతా డొక్కల మీద కట్టి ఉంది.

మా వైపు డొక్కలు గోతుల్లో వెయ్యడం మామూలే. చెట్ల పాదుల్లో వేస్తాం, వానాకాలం బురద దారుల్లో పరుస్తాం. అక్కడ కుళ్లితే మంచిదే, మళ్లీ నాలుగు వెయ్యొచ్చు. సిమెంటు నేల కింద వేస్తే మళ్లీ ఎక్కడ వేస్తాం? ఇంతటి తప్పు చెయ్యాలంటే కోనసీమలో పుట్టాలి, పక్కనే డొక్కల కొండ ఉండాలి.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చారు. సైకిలు దిగకుండానే గొయ్యి చూసి ఆగిపోయారు.

"ఇవేంటండీ?" అన్నాను.

"డొక్కలు."

"డొక్కలని నాకూ తెలుసు. ఇక్కడికెలా వచ్చేయి?"

ఆయన సైకిలు స్టాండు వేసి, హ్యాండిలు తుడుస్తూ చెప్పారు. "వసారా కట్టేటప్పుడు నువ్వు పురిటికి మీ అమ్మగారింట్లో ఉన్నావు కదా. వానలు. మట్టి తోలడానికి ట్రాక్టరు దిగబడిపోయేది. అన్నయ్య సెలవు అయిపోతంది. డొక్కలు పోసి పైన మట్టి కప్పేద్దాం అన్నాడు. నేనే కొట్టు దగ్గర్నించి తెచ్చి పోసేను."

"అంటే మీకు తెలుసు."

"ఊఁ."

"మరి నా తొక్కుడికి దిగిందని మీ అన్నయ్యగారు అన్నప్పుడు?"

"అన్నయ్య అనేశాక నేనేం అంటానే, నలుగురిలో."

ఆ రోజు ఆయనకు అన్నం నేను వడ్డించలేదు. నాకు బావగారి మీద కన్నా ఆయన మీద ఎక్కువ కోపం వచ్చింది. బావగారు నింద వేశారు. ఈయన అది నింద అని తెలిసి, ఆ మిషను ఒక పక్క పట్టుకుని నాతోపాటు దొడ్లోకి మోశారు. చూరు కింద నేను పొగకు దగ్గుతుంటే విన్నారు. బూజు జాకెట్టు చూశారు. డొక్కల ఫోటో కింద అన్నగారి మాట చదివి, చెల్లెలి నవ్వు చూసి ఊరుకున్నారు. ఇంట్లో అందరికీ తెలుసన్నమాట, నాకు తప్ప.

శుక్రవారం వచ్చింది. తట్టలో నల్లటి డొక్కలు నింపి, వాటి మీద నా కొలతల టేపు పరచి, ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. కింద రాశాను: "వసారా అడుగున దొరికినవి. రెండడుగుల లోతు. మిషను తొక్కుడు కాదు." అందరూ చూసినట్టు నీలం గీతలు వచ్చాయి. కాసేపటికి ఆడపడుచు ఉల్లి పెసరట్టు పెట్టింది. చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి, ఇక మీదట గ్రూపు పెట్టినవారు మాత్రమే అందులో రాసేటట్టు మార్చేశారు. పెట్టింది బావగారు. అంటే ఆయన చెబుతారు, మేం చూస్తాం. సిగ్గుపడకుండా చెప్పుకోవాలన్న మనిషే ఆ పని చేశారు.

అత్తగారు ఆ పూటే అందుకున్నారు. "ఇంటి గుట్టు నలుగురిలో పెట్టేసేవు కదే!"

"నలుగురూ ఇంట్లోవాళ్లే కదండీ అత్తయ్యగారూ."

"పెద్దాడి మనసు ఎంత కష్టపడిందో ఆలోచించేవా?"

"ఆయ్, ఆలోచించేనండి. అందుకే టేపు కూడా పెట్టేను."

డొక్కలు తీసి చెట్ల పాదుల్లో పోయడానికి తొమ్మిది రోజులు పట్టింది. పొద్దున తవ్వడం, మధ్యాహ్నం కుట్టడం. నడుముకు తుండు బిగించి కట్టుకున్నాను. మూడో రోజున మా ఆయన పని నుంచి వచ్చి, ఏమీ మాట్లాడకుండా తట్ట ఎత్తుకున్నారు. ఎత్తుకోనిచ్చాను. దాన్ని క్షమాపణ కింద తీసుకుంటానని ఆయన అనుకుంటే అది ఆయన పొరపాటు. క్షమాపణకు నోరు కావాలి.

ఇసుక తోలించాను. అడుగు మందాన పరచి నీళ్లు కట్టడం, అది పీల్చుకున్నాక మళ్లీ పరచడం, మళ్లీ కట్టడం. నీళ్లు పోస్తే పోసినట్టే పైన నిలబడేదాకా ఆగాను. తోటికోడలు గుమ్మంలోంచి చూసి, "ఏంటే, వరి ఊడుస్తావా ఇందులో?" అని ఎగతాళి చేసింది. "మీ ఆయన చెప్పినట్టే చేస్తన్నానక్కా" అన్నాను. ఆమె లోపలికి పోయింది.

కంకర, సిమెంటు కలిపి కింద మందంగా పోయడానికి మాత్రం మేస్త్రీని పిలిచాను. టైల్స్ నేనే వేశాను. అమలాపురంలో టైల్స్ కొట్టువాళ్లు పగిలినవి వెనక గుట్టగా పోస్తారు. అందులోంచి ఏరి తెచ్చాను. రంగులు కలవవు, అంచులు కలవవు. అది నాకు కష్టం కాదు. మిగిలిన ముక్కల్లోంచి జాకెట్టు తీసే మనిషిని నేను. కాగితాలు కత్తిరించి నేల మీద పరచుకున్నాను. కుట్టుకు గుడ్డ వదిలినట్టు ముక్కకూ ముక్కకూ మధ్య సందు వదిలాను. అతికించిన ప్రతి ముక్కనూ తాపీ పిడితో తట్టి విన్నాను. డొల్లగా మోగినవి ఏడు. ఏడూ పీకి మళ్లీ వేశాను. అది ఆరాక మిషను తెచ్చి దాని చోట నిలబెట్టుకున్నాను.

బావగారు సెలవు మీద వచ్చారు. అట్టపెట్టెలు ఇంకా విప్పలేదు. అందరూ గుమ్మంలో ఉన్నారు. ఆడపడుచు కూడా జొన్నాడ నుంచి వచ్చింది. చెప్పులు విడిచి ఆయన నేల మీద కూర్చున్నారు. నా తాపీ అడిగి తీసుకుని, పిడితో ఈ చివర నుంచి ఆ చివర దాకా తట్టుకుంటూ వెళ్లారు. ఒక్క ముక్క వదల్లేదు. నేను నిలబడి విన్నాను. గట్టి చప్పుడు, గట్టి చప్పుడు, గట్టి చప్పుడు. మూలకు వెళ్లాక రెండుసార్లు ఎక్కువ కొట్టారు. అక్కడా గట్టిగానే మోగింది.

"పర్వాలేదు" అన్నారు లేచి. మా ఆయన వైపు చూసి అన్నారు, నా వైపు కాదు.

తర్వాత ఆడపడుచు చేతికి ఫోను ఇచ్చి, తాపీ పట్టుకుని నేల మీద మోకాలు వేసి కూర్చున్నారు. "ఈ నేల వరకూ తియ్యవే. ఆ మిషను అడ్డంగా ఉంది, పక్కకు లాగండి ముందు."

నేను కదల్లేదు. మా ఆయన కదిలి, నన్ను చూసి ఆగిపోయారు. బావగారే లేచి మిషను బల్ల అంచు పట్టుకుని లాగారు. రాలేదు. ఇంకో పక్కకు వెళ్లి నెట్టారు. రాలేదు. వంగి కింద చూశారు.

"ఇదేంటమ్మా, కదలదేంటి?"

"కదలదండి. కాంక్రీటు పోసినప్పుడే నాలుగు బోల్టులు దించేసేను. మిషను కాళ్లకు నట్లు బిగించి, వాటి మీద కూడా సిమెంటు పోసేసేను. తియ్యాలంటే నేల పగలగొట్టాలి. మొన్నలా తేలిగ్గా పగలదు, కింద డొక్కల్లేవు."

"ఇక్కడ కుర్చీలెయ్యాలని చెప్పేను కదా నీకు?"

"నేను అడిగినప్పుడు మీరు చెప్పేరండి. మీరు చెప్పినప్పుడు నన్ను అడగలేదు. కుర్చీలకు ఆ పక్కన బోల్డంత చోటుందండి."

అత్తగారు "పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడేది" అంటూ మొదలుపెట్టారు. నేను స్టూలు లాక్కుని కూర్చుని, సగం కుట్టిన చెయ్యి సూది కిందకు తోశాను.

చివరికి మిషను కూడా పడేలాగే ఫోటో తీయించుకున్నారు. అదే గ్రూపులో పెట్టారు. "సెలవులో కూడా చేతికి పని తప్పదు. మా వసారా." చప్పట్లు వరసకట్టాయి. నేను పీకి మళ్లీ వేసిన ఏడు ముక్కలూ ఆయన మోకాలి కింద ఉన్నాయి. నాకు జవాబు రాసే వీలు లేదు. అంత కోపం నాకు డొక్కలు చూసినప్పుడు కూడా రాలేదు.

నాలుగు రోజులకు, బావగారు తన వైపు కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్న పొద్దున, చేతిలో జాకెట్టు గుడ్డతో సెంటరు వైపు పోతూ ఒకావిడ వీధిలో ఆగింది. చిలకపచ్చ జాకెట్టు పెళ్లికూతురి తల్లి.

"ముందుకు వచ్చేసేవేంటమ్మా!" అంది. లోపలికి వచ్చి నేల చూసింది. "ఎంత బాగుందో. ఎవరేసేరు?"

"నేల మాదేనండి" అన్నారు బావగారు పేపరు దించి, నవ్వుతూ. "మా చేతిపని."

"అవునండి" అన్నాను. "దీనికింద మొదట కొబ్బరి డొక్కలు వేసింది బావగారేనండి."

"డొక్కలా! నేల కింద డొక్కలేంటమ్మా?" అని ఆవిడ మెట్టు మీద కూర్చుంది.

మిషను ఆపకుండానే చెప్పాను. వానలో దిగబడిన ట్రాక్టరు దగ్గర మొదలుపెట్టి, నా పురుడు, మా ఆయన ఊరుకోవడం, దొడ్లో ఆవిడ జాకెట్టుకు బూజు పట్టడం దాకా వరసగా చెప్పాను. గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. మధ్యలో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. తలెత్తి చూసేసరికి పేపరు కుర్చీలో ఉంది, బావగారు లేరు. లోపల అత్తగారు మా ఆయన్ని కేకేస్తున్నారు, వెళ్లి నా నోరు మూయించమని. ఆయన గుమ్మం దాకా వచ్చి, అక్కడే నిలబడిపోయారు.

"అయ్యో, ఆ బూజు నీ తప్పు కాదన్నమాట" అంది ఆవిడ.

"కాదండి. చేతులు చాపండి, కొలత తీసుకుంటాను."